చోటు చెడిందనుకున్నాడు

పైడయ్యకి సముద్రం మీద దారి చూపే డబ్బా అక్కర్లేదని పల్లెలో పేరు. పడవలో జీపీఎస్ పెట్టె ఉంది, తోటివాళ్ళు దాని చుట్టూ మూగి కూర్చుంటారు. పైడయ్య మాత్రం ఒడ్డు వైపు తిరిగి, స్టీల్ ప్లాంటు పొగగొట్టాన్నీ దాని వెనక కొండ నెత్తినీ ఒక గీతలోకి తెచ్చుకుని, ఇక్కడ దించండ్రా అనేవాడు. వల అక్కడే దిగేది. నాలుగు రోజులు వరసగా ఖాళీ వల వస్తే వలని గాని ఇంజన్ని గాని ఒక్క మాట అనేవాడు కాదు. చోటు చెడింది, పదండి అనేవాడు. అతని తండ్రీ అంతే, తాతా అంతే. చోటు మంచిదైతే చిరుగుల వలకైనా చేప పడుతుందని ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరూ వింటూ పెరిగారు. సముద్రం మీద ఆ మాట చాలావరకు నిజమే. ఒడ్డు మీద కూడా నిజమని నమ్మడమే అతను చేసిన తప్పు.

వాళ్ళ పాత ఊరు పోర్టు కిందికి పోయి చాలా ఏళ్ళయింది. అందరికీ గాజువాక అవతల కాలనీ ఇచ్చారు. అక్కడ సముద్రం కనపడదు, వినపడదు, ఆటో ఎక్కితే గాని పడవ దగ్గరికి చేరలేరు. చీటీలు తీస్తే పైడయ్యకి చివరి వరసలో ఇల్లు వచ్చింది. ఆ వరస వెనకాలే ఫ్యాక్టరీలకి కరెంటు మోసే హైటెన్షన్ లైను. మంచు పడే తెల్లవారుజాముల్లో తీగలు చిటచిటలాడుతుంటే మొదట్లో పిల్లలు భయపడేవారు, తర్వాత అలవాటైపోయింది. కూతురు పుట్టాక పైడయ్య పెరట్లోకి ఇంకో గది జరిపి కట్టాడు. తీగలకి అంత దగ్గరగా కట్టకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

ఆ కూతురి పేరు సూర్యకళ. తండ్రికి మాత్రం సూరి. ఏడేళ్ళు నిండాయో లేదో పిల్లకి జ్వరం పట్టుకుంది. వారానికి కాళ్ళ మీద నల్ల మచ్చలు లేచాయి, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. పెద్దాసుపత్రి వాళ్ళు రక్తం తీశారు, ఎముకలోంచి మజ్జ తీశారు, బ్లడ్ క్యాన్సర్ అని తేల్చారు. డాక్టర్ అనూరాధ చిన్న వయసు మనిషి, ఓపిక గల మనిషి. మొగుడూ పెళ్ళాల్ని కూర్చోబెట్టి, "ఇది పిల్లల్లో వచ్చే రకం. ఎక్కువమందికి నయమవుతుంది. కానీ రెండున్నరేళ్ళు మందు వాడాలి," అంది. పైడయ్య భార్య సీతాలు రెండున్నరేళ్ళన్న మాట పట్టుకుంది. పైడయ్య నయమవుతుందన్న మాట పట్టుకున్నాడు.

ఎనిమిది నెలలు ఆస్పత్రే ఇల్లయింది. కూర్మన్నపాలెం వీధుల్లో చేపలమ్మే సీతాలు తట్టని అటక మీద పెట్టేసి పిల్ల మంచం పక్కన కూర్చుంది. పిల్ల జుట్టంతా రాలిపోయింది. సూదులు పొడిచీ పొడిచీ చేతుల్లో నరం దొరకని రోజులు చూశారు. ఎనిమిదో నెల చివర డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి, రక్తంలో జబ్బు కనపడటం లేదనీ, ఇక ఇంటికి తీసుకుపోవచ్చనీ చెప్పింది. రోజూ సాయంత్రం ఒక మాత్ర, వారానికోసారి వేరే మాత్రలు, నెలకోసారి వచ్చి చూపించుకోవడం. "కనపడకపోవడమంటే లేకపోవడం కాదమ్మా. ఒక్క రోజు కూడా మానకండి," అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ సీతాలే తలూపింది.

ఇంటికొచ్చిన పది రోజులకే పిల్లకి వాంతులు మొదలయ్యాయి. నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోయింది. పైడయ్య అరుగు మీద కూర్చుని తనకి తెలిసిన లెక్క కట్టాడు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో పిల్ల బాగానే ఉంది. ఇంటికి రాగానే చెడింది. మరి ఏం మారింది? చోటు మారింది. మందు కూడా మారిందన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం దుర్గారావు. పైడయ్యతో పాటే చేపల వేటకి పోయేవాడు, వరసకి బావమరిది. ఒకరోజు దీపాలు పెట్టే వేళకి ఒక పాత ట్యూబులైటు పట్టుకొచ్చి లైను కింద నిలబడ్డాడు. చీకటి చిక్కబడేకొద్దీ ఆ గొట్టంలో సన్నగా, బూడిదరంగుగా వెలుగు కదిలింది. కాలనీ అంతా చేరింది.

"సూడు బావా! ప్లగ్గు లేదు, వైరు లేదు. మరి దీనికి కరెంటు ఎవుడిచ్చినాడు?" అన్నాడు దుర్గారావు. "గాజు గొట్టానికే ఇలగుంటే పిల్లల నెత్తురికి ఎలగుంటాదో ఆలోసించు."

"తడి సీర ఆరేద్దామని తీగ ముట్టుకుంటే సుర్రుమంటాది. ఎన్నిసార్లో," అంది సీతాలు నెమ్మదిగా. అబద్ధం కాదు. పెరట్లో ఇనప తీగకి లైను వల్ల సుర్రుమనే గుణం వచ్చిన మాట నిజమే. గొట్టం వెలగడమూ నిజమే. రెండు నిజాలు కళ్ళముందు కనబడ్డాక మూడోది కూడా నిజమేనని జనం అనుకోవడానికి ఎంతసేపు?

లైను తీసెయ్యమని కాగితం రాసుకుని, పదిమందిని వెంటేసుకుని కరెంటాఫీసుకి పోయారు. అక్కడి ఆఫీసరు కాగితం చదివి, మీ ఇళ్ళ కంటే లైనే ముందు వచ్చిందన్నాడు. ఆ వెనక గది ఎవరిని అడిగి కట్టావని పైడయ్యని నిలదీశాడు. నా పిల్ల చస్తుంటే వీడు గది సంగతి అడుగుతాడా అని పైడయ్యకి కడుపు మండిపోయింది. ఆ రోజు నుంచి లైను మీద అనుమానం కాస్తా పగ అయింది.

అయినా ఒక్కసారి చదువుకున్నవాణ్ణి అడుగుదామని సీతాలే పట్టుబట్టింది. సుందర్ రాజ్ ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్‌లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి శనివారం సీతాలు దగ్గరే వంజరం చేప కొనేవాడు. ఆదివారం చర్చి అయ్యాక, తెల్ల చొక్కా మార్చకుండానే, లైను చుట్టూ ఉండే అయస్కాంత శక్తిని కొలిచే, అరచేతిలో పట్టే చిన్న మీటరు తీసుకుని వచ్చాడు. పెరట్లో పెట్టి చూశాడు, ముందు గదిలో చూశాడు, చివరికి వెనక గదిలో సూరి పడుకునే మంచం మీద పెట్టి చాలాసేపు చూశాడు.

"వంద మైక్రోటెస్లాల దాకా ఫరవాలేదని రూలు పైడయ్యా. ఇక్కడ ఒకటి కూడా లేదు. పాయింట్ ఆరు," అన్నాడు.

"అయితే దీనివల్ల ఏటీ అవదంటారా బాబూ?"

సుందర్ రాజ్ అబద్ధమాడలేని మనిషి. అదే కొంప ముంచింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని చెప్పాడు. "వేరే దేశాల్లో లెక్కలు తీశారు. పాయింట్ నాలుగు దాటిన ఇళ్ళల్లో ఈ జబ్బు పిల్లలకి కాస్త ఎక్కువ కనపడిందట. అలాగని లైను వల్లే అని కాదు. అలాంటి ఇళ్ళే తక్కువ, లెక్క అంత గట్టిది కాదు. అసలు లైను నుంచి ఎలా వస్తుందో ఇన్నేళ్ళు వెతికినా ఎవరికీ దొరకలేదు."

"అదంతా నాకు తెల్దు బాబూ. లైను వల్ల కాదని మీరు సెప్పగలరా?"

ఆయన మీటరు జేబులో పెట్టుకున్నాడు. "కాదని చెప్పలేను," అన్నాడు. మంచం ముందు గదిలోకి జరుపుకో, పోయేదేముంది, అని కూడా అన్నాడు. పైడయ్య అప్పటికే వినడం మానేశాడు. చెప్పలేనన్న ఆ ఒక్క మాట పట్టుకుని, పెద్దాయనే ఒప్పుకున్నాడని దుర్గారావు ఇంటికి పరిగెత్తాడు.

మూడో రోజుకల్లా పిల్లని భీమిలి దగ్గర పల్లెకి, సీతాలు తల్లి నారాయణమ్మ ఇంటికి మార్చేశాడు. ఇసకలో ఇల్లు, ఎదురుగా సముద్రం, చుట్టూ ఎక్కడా టవరు లేదు. సీతాలు బట్టల కంటే ముందు మాత్రలు సర్దుకుంది. అక్కడికి పోయిన నాలుగో నాటి సాయంత్రం మాత్ర వేసిన పావుగంటకి పిల్ల తిన్నదంతా కక్కుకుని, కడుపు పట్టుకుని ఏడ్చింది. పైడయ్య మాత్రల సంచి లాక్కున్నాడు.

"ఇక్కడ గాలి బాగుంది, నీల్లు బాగున్నాయి. ఈ బిల్లలే దాన్ని సంపేత్తన్నాయి. ఆపీ."

"ఒక్కరోజు కూడా మానొద్దని డాకటరమ్మ సెప్పినాది మావా. రెండుసార్లు సెప్పినాది."

"డాకటరమ్మ మన లైను సూసినాదేటి?"

పైడయ్య పిల్లని ఒళ్ళోకి తీసుకుని, మూతి తుడిచి, బుజ్జగిస్తూ చెప్పాడు. "నీ జబ్బు మందుకి పోయేది కాదమ్మా సూరీ. అది సోటుది. సోటు మారిపోనాం కదా, ఇంక అదే ఎల్లిపోతాది." ప్రేమతోనే చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఉన్న ప్రేమని ఎవరూ కాదనలేరు. పిల్ల ఏడుపు ఆపి నిజమా అని అడిగింది. నిజమేనన్నాడు.

ఆ తర్వాత ఐదు నెలలు ఆ ఇంటికి పండగే. వాంతులు ఆగాయి, నోరు మానింది. రెండు పూటలా నెత్తళ్ళ పులుసుతో అన్నం తిని, పిల్ల బుగ్గలు నిండాయి. నున్నటి గుండు మీద నల్లగా జుట్టు మొలిచింది. ఒడ్డున పీతల వెంట పరిగెత్తేది. కొత్తగా దొరికిన స్నేహితులకి, నాకు లైను జబ్బు ఒచ్చింది, సోటు మారితే పోయింది అని గొప్పగా చెప్పుకునేది. మందు ఆపితే మందు పెట్టే బాధ ఆగుతుందని, జబ్బు లోపల నెమ్మదిగా తన పని తను చూసుకుంటుందని అక్కడెవరికీ తెలియదు. సీతాలుకి మొదట్లో భయంగా ఉండేది. రోజురోజుకీ విచ్చుకుంటున్న పిల్ల మొహం చూసి ఆమె భయం కూడా తగ్గిపోయింది. ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేస్తే పైడయ్య, ఊరెల్లినాం, ఇక్కడే సూపిత్తన్నాం అన్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఒక ఆదివారం పిల్లని కాలనీకి తీసుకొచ్చి ఇంటింటికీ తిప్పి చూపించాడు. దుర్గారావు దాని బుగ్గలు పుణికి, "నాను సెప్పినానా లేదా?" అని అందరినీ అడిగాడు.

ఆరో నెలలో సూరి కాళ్ళు నొప్పులంది. పరిగెత్తడం మానేసి గడపలో కూర్చునేది. వేరేవాడైతే ఆ రోజే ఆస్పత్రికి పోయేవాడు. పైడయ్య ఇల్లంతా తిరిగి, పెరటి గోడ అవతల, తుమ్మ చెట్ల మధ్యలో కొత్తగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ని కనిపెట్టాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి. "ఇదిగో, ఇదీ సంగతి. ఈ సోటు కూడా సెడిపోనాది," అన్నాడు. ఒడ్డున వలలు దాచుకునే తాటాకు పాకని ఊడ్చి, మంచం వేసి, పిల్లని అక్కడికి మార్చాడు. ఆ పాకలో దీపం కూడా పెట్టనివ్వలేదు. అలా పదహారు రోజులు పోయాయి.

పదిహేడో రోజు పొద్దున్న సీతాలు పిల్లకి స్నానం చేయిస్తూ వీపు చూసింది. అరచేయంత నల్ల మచ్చ. మోకాళ్ళ కింద చిన్నచిన్న ఎర్ర చుక్కలు. మొదటిసారి అవి ఎలా ఉన్నాయో ఆమెకి బాగా గుర్తు. చెంబు కింద పడేసి, తడి ఒంటి మీదే గౌను తొడిగి, పిల్లని భుజానికెత్తుకుని రోడ్డు మీదికి నడిచింది. పైడయ్య వేటలో ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగుదామని నారాయణమ్మ అంటే, "ఇన్నాల్లూ ఆగినానమ్మా," అంది. మొగుణ్ణి అడక్కుండా ఆమె చేసిన మొదటి పని అదే. ఆ పని ఐదు నెలల ముందు చేసి ఉండాల్సిందని దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది.

పైడయ్య ఆస్పత్రికి చేరేసరికి రక్తం రిపోర్టులు వచ్చేశాయి. డాక్టర్ అనూరాధ ఈసారి నవ్వలేదు. అరవనూ లేదు. అరిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

"జబ్బు తిరగబెట్టింది. మందు ఎన్నాళ్ళు ఆపారు?"

"ఐదు నెల్లు దాటినాది," అంది సీతాలు.

పైడయ్య ముందుకు వంగాడు. "అమ్మా, ఆ లైను సంగతి మీకు తెల్దు. పెద్ద బాబు మీటరు పెట్టి సూసినారు. లైను వల్ల కాదని ఆయనే సెప్పలేకపోనారు."

"నేనూ చెప్పలేను," అంది డాక్టరమ్మ. "పాపకి మొదట ఎందుకొచ్చిందో నాకు తెలీదు. లైను వల్లో, మరి దేనివల్లో, ఎవరికీ తెలీదు. కానీ మధ్యలో మందు ఆపితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. పోయినసారి వందలో ఎనభై మంది పిల్లలు బతికే జబ్బు ఇది. ఇప్పుడు అంత చెప్పలేను, సగం కూడా చెప్పలేను. మందు డోసు పెంచాలి, పాప తట్టుకోవాలి. మొదలుపెడదాం."

పైడయ్య వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. సముద్రంలో రెండుసార్లు పడవ తిరగబడ్డ మనిషి, ఎప్పుడూ అంత భయపడలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది ఎవరు? లైనా, ఆఫీసరా, దుర్గారావా? ఎటు తిరిగి ఎవరి పేరు తలుచుకున్నా చివరికి తన దగ్గరికే వచ్చి ఆగుతున్నాడు.

కబురు తెలిసి సుందర్ రాజ్ మర్నాడు పళ్ళు పట్టుకుని వచ్చాడు. మందు ఆపారన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. పైడయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, ఒక్క మాట సెప్పండి. లైను వల్లే అని సెప్పండి. మీరు సెప్తే నాను బతికిపోతాను."

ఆయన చేతులు విడిపించుకోలేదు. "తెలిస్తే చెప్పనా పైడయ్యా? తెలీదు. ఆ రోజు నువ్వు సగమే విన్నావు. మందు మాత్రం మానొద్దని నేను కూడా ఒక్క మాట అనలేదు. అడగాలని కూడా తోచలేదు నాకు." పైడయ్యని వరండాలో బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మధ్యాహ్నం నర్సు చిన్న గిన్నెలో మాత్రలు తెచ్చింది. సూరి పెదాలు బిగించి మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నర్సు బతిమాలింది, సీతాలు బతిమాలింది. పిల్ల ససేమిరా అంది.

"నాకు మందొద్దు. ఇది మందుకి పోయేది కాదు, సోటుది. మా అయ్య సెప్పినాడు." తల్లి కళ్ళు నీళ్ళతో నిండడం చూసి, పిల్ల తనే తల్లికి ధైర్యం చెప్పింది. "ఏడకమ్మా. ఇక్కడ లైను లేదు. నాను కిటికీలోంచి సూసినాను. నాలుగు రోజులుంటే తగ్గిపోతాది."

సీతాలు తలెత్తి మొగుడి వైపు చూసింది. నర్సు గిన్నె పట్టుకుని పక్కకి జరిగింది. పైడయ్య వచ్చి మంచం అంచు మీద కూర్చున్నాడు. ఒక చోట చేప లేదని అతను వందసార్లు చెప్పాడు గాని, ఆ చోటికి తీసుకొచ్చింది నా తప్పేనని ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లతో అనాలి. అనకపోతే అది మందు మింగదు.

"సూరీ, నాను తప్పు సెప్పినానమ్మా."

పిల్ల ఇటు తిరిగింది. "ఏటి తప్పు?"

"సోటు కాదు. మందే. మందు ఆపినందుకే మల్లీ ఒచ్చినాది." కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆగలేదు. "ఆపించింది నానే. అమ్మ వద్దన్నాది, డాకటరమ్మ వద్దన్నాది. నానే ఇన్లేదు."

సూరి తండ్రి మొహంలోకి చూసింది. తండ్రి ఏడవడం ఆ పిల్ల అంతవరకు చూడలేదు. చెయ్యి చాపి గిన్నెలోంచి మాత్రలు ఒక్కొక్కటే తీసుకుని, మొహం చిట్లించుకుంటూ నీళ్ళతో అన్నీ మింగేసింది. నోరు తెరిచి, నాలుక ఎత్తి నర్సుకి చూపించింది. తర్వాత గ్లాసు తండ్రి చేతికిచ్చింది.

"ముందే సెప్పుంటే ఏసేసుకుందును కదా అయ్యా," అంది. ఆ గొంతులో కోపం లేదు.